మా ఆవు రాగిని ఎక్కడ కట్టెయ్యాలి: మా గొడ్ల చావడి డైరీ

జూన్ 15, ఆదివారం

నాన్న చివరి డాక్సీసైక్లిన్ మాత్ర నిన్న రాత్రి వేసుకున్నాడు. ఆరు వారాల కోర్సు. దాంతోపాటు పొద్దున్నే పరగడుపున రిఫాంపిసిన్. దానికి ఒంటేలు నారింజ రంగులో వస్తుంటే మొదటి రోజు అమ్మ రక్తం పోతోందనుకుని ఏడుపు మొదలుపెట్టింది, అది టీబీకి కూడా వాడే మందు కాబట్టి మందుల షాపతను చీటీ చూసి "టీబీనా అమ్మా?" అని నలుగురిలో గట్టిగా అడిగాడు, సాయంత్రానికల్లా వీధంతా నాన్నకు టీబీ. టీబీ కాదు, బ్రూసెల్లోసిస్, గొడ్లు ఈసుకుపోయే, అంటే నెలలు నిండకముందే దూడను పడేసే రోగమే మనిషికి అంటుకుంది అని చెబితే ఒక్కరూ నమ్మలేదు. గొడ్డు రోగం మనిషికెట్లా వస్తుందే అని మా నాయనమ్మ నన్నే ఎగాదిగా చూసింది.

నేను విజయవాడలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్ని, దుగ్గిరాల నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తాను. సిగ్గుపడాల్సిన సంగతి ముందే రాసేస్తున్నాను. ఫిబ్రవరి ఆఖర్లో నాన్నకు జ్వరం మొదలైతే రక్తం తీసి టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష చేసింది నేనే. టైటర్, అంటే రక్తపు తేటను ఎన్ని రెట్లు పలచన చేసినా పరీక్షలో జాడ కనిపిస్తుందో ఆ లెక్క, కాస్త ఎక్కువ కనిపించింది, టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, తగ్గింది. మన ప్రాంతంలో ఎప్పుడో ఒకసారి టైఫాయిడ్ సోకినవాళ్లకు కూడా విడాల్‌లో అంతో ఇంతో కనిపిస్తుందని నాకు తెలుసు, తెలిసి కూడా నాన్న విషయంలో నమ్మేశాను. పది రోజులకు మళ్లీ జ్వరం. పగలంతా బాగానే ఉంటాడు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోతుంది, అర్ధరాత్రి చెమటకు పక్కబట్టలు తడిసిపోతాయి. నడుం పట్టేసింది, లేవలేడు. ఇట్లా వస్తూ పోతూ రెండు నెలలు. ఏప్రిల్‌లో ఒక ముసలి డాక్టరు గారు కడుపు నొక్కి చూడకముందే "గొడ్లున్నాయా ఇంట్లో? ఈ మధ్య ఏదైనా ఈసుకుపోయిందా?" అని అడిగారు. బ్రూసెల్లా పరీక్షలో టైటర్ 1:160 గానీ అంతకు మించి గానీ వస్తేనే గట్టిగా అనుమానించాలి, నాన్నది 1:640 వచ్చింది.

ఈసుకుపోయింది రాగి. ఎర్ర జెర్సీ ఆవు, కిందటి నవంబరులో సంతలో కొన్నాం, ఐదో నెల చూడి అని చెప్పి అమ్మారు. జనవరిలో ఏడో నెలలో దూడను పడేసింది, మాయ పడలేదు, నాన్న రెండు చేతులూ లోపలికి పెట్టి లాగేశాడు. అప్పుడు చూపుడు వేలికి కొడవలి గాటు ఉంది. ఆ మాయను గట్టు పక్కన గుంట తీసి పాతిపెట్టాడు, గుంటంటే ఎంత, మోకాలి లోతు కూడా లేదు. రెండ్రోజులకు కుక్కలు తవ్వేశాయి. అప్పుడెవరం పట్టించుకోలేదు.

నాన్న బతికి బట్టకట్టాడు కాబట్టి ఇప్పుడు చావడి సంగతి. మాకు ఆరు గొడ్లు, నాలుగు గేదెలు, రెండు ఆవులు. వచ్చే డిసెంబరులోపు మా వీధిలో ఏ గొడ్డుకు ఈ రోగం ఉందో తెలుసుకోవాలి, ఉన్నదాన్ని ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. మొదటిదే తేలికనిపిస్తోంది.

జూన్ 29

మూడు సాయంత్రాలు తిరిగాను. 16 ఇళ్లు, 53 గొడ్లు. అందులో ఎదిగిన గేదెలు, ఆవులు, పడ్డలు కలిపి 45, దూడలు 8. ఒక పొడుగు పుస్తకం కొని గీతలు కొట్టాను: చెవి పోగు మీది 12 అంకెల నంబరు, ఎన్నో ఈత, ఎక్కడ కొన్నారు, చూడి కోసం సూది వేయించారా లేక దున్నపోతుకు కట్టించారా, ఎప్పుడైనా ఈసుకుపోయిందా.

ఆఖరి గడి దగ్గర దాదాపు అందరూ అబద్ధమే చెప్పారు. "మా ఇంట్లో అలాంటివేం లేవమ్మాయ్." గొడ్డుకు పేరు పడితే ధర పడుతుంది, ఎందుకు చెబుతారు? రెండో రోజు ప్రశ్న మార్చాను. "మాయ పడక డాక్టర్ని పిలిచారా ఎప్పుడన్నా?" అని అడిగితే ఎంత ఖర్చయిందో, ఎన్ని సీసాలు ఎక్కించారో, ఎవరు ఎన్ని గంటలకు వచ్చారో అంతా పూసగుచ్చినట్టు చెప్పారు. నెలలు నిండకముందే పడేసినవి అందులోనే బయటపడ్డాయి. మొదటి ప్రశ్నకు రెండు, రెండో ప్రశ్నకు తొమ్మిది. ఈసుకుపోవడానికి, మాయ నిలిచిపోవడానికి వేరే కారణాలు కూడా సవాలక్ష ఉంటాయనుకోండి, దెబ్బ తగలొచ్చు, మేత లోపం కావొచ్చు, కానీ చూడి ఆఖరి నెలల్లో పడిపోయి, మాయ నిలిచి, ఆ తర్వాత ఎన్నిసార్లు సూది వేయించినా చూడి నిలవక తిరగబొర్లుతుంటే పశువుల డాక్టరు ముందు అడిగేది బ్రూసెల్లా గురించే.

ఇంకోటి గమనించాను. ఆ తొమ్మిదిట్లో ఆరు సంతలో కొన్నవే. చూడి గొడ్డును కొనేటప్పుడు మనం పొదుగు చూస్తాం, సుడి చూస్తాం, పళ్లు చూస్తాం. రక్తం మాత్రం ఎవరూ అడగరు.

జూలై 13

రక్తం తీసిన రోజు. పశువుల ఆసుపత్రి డాక్టరు గారు ఆదివారమైనా వచ్చారు, రైతు సేవా కేంద్రంలో పనిచేసే పశుసంవర్ధక సహాయకుడు కుర్రాడు తోడొచ్చాడు. మూడు ఇళ్లవాళ్లు వద్దన్నారు, వాళ్లవి తొమ్మిది గొడ్లు. మిగిలినవి 36.

మెడ దగ్గర పెద్ద నరం, బొటనవేలితో నొక్కితే తాడులా ఉబుకుతుంది. మనుషుల మోచేతి దగ్గర నరాలు వెతుక్కునే నాకు అది చూస్తే అసూయ పుట్టింది. గేదెలు నిలబడ్డాయి, ఆవులే ఎగిరాయి. డాక్టరు గారు తీసివ్వడం, నేను గొట్టాల మీద నంబరు రాసి వాలుగా పెట్టడం. గొట్టాన్ని కదపకుండా ఏటవాలుగా పెడితే రక్తం గడ్డకట్టి పైన తేట తేరుకుంటుంది, ఆ తేటే మనకు కావాల్సింది. తొందరపడి మొదటి ఇంటివి రెండు గొట్టాలు బండి మీద పెట్టి కాలవ గట్టు గతుకుల్లో ఇంటికి పంపాను. తీరా చూస్తే తేటంతా ఎర్రబారిపోయింది. ఆ రెండింటికీ సాయంత్రం మళ్లీ తీయాల్సి వచ్చింది, ఆ ఇంటి పెద్దాయన "ల్యాబులో కూడా ఇట్లాగే చేస్తావా" అన్నాడు. పడాల్సిన మాటే.

జూలై 16

సగం రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లాను. రోజ్ బెంగాల్ పరీక్ష. చూస్తే నాకు విడాల్ పలక పరీక్షే గుర్తొచ్చింది, పద్ధతి అదే. తెల్ల పలక మీద 30 మైక్రోలీటర్ల తేట, అంతే గులాబీ రంగు యాంటిజెన్. ఆ యాంటిజెన్ అంటే చంపేసి రంగు అద్దిన బ్రూసెల్లా క్రిములే. పుల్లతో కలిపి, నాలుగు నిమిషాలు పలకను అటూ ఇటూ మెల్లగా ఊపాలి. రోగం లేనిదైతే గులాబీ నీళ్లలా సాఫీగా ఉంటుంది. ఉన్నదైతే రవ్వ కట్టినట్టు పలుకులు పలుకులుగా విరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన యాంటిజెన్ చల్లదనం పోయేదాకా ఆగాలి, నాలుగు నిమిషాలు దాటాక వచ్చే పలుకుల్ని లెక్కలోకి తీసుకోకూడదు. విజయవాడలో రద్దీగా ఉన్న రోజుల్లో మేం ఈ రెండూ పాటిస్తామా అంటే... సరే, ఇది ఆ డైరీ కాదు.

నాలుగు విరిగాయి. మూడోది రాగి. తెలిసిందే అయినా ఆ పలుకులు చూసేసరికి గుండె జారింది.

నాలుగూ గుంటూరు పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపారు, ఎలైజా అనే ఇంకో రక్త పరీక్ష కోసం. రోజ్ బెంగాల్ వల పెద్దది, అందులో అప్పుడప్పుడు వేరే చేప కూడా పడుతుంది. పోలిక ఉన్న ఇంకో క్రిమి సోకినా, టీకా వయసు దాటాక వేసినా పలుకులు రావొచ్చు. అందుకని ఒక్క పరీక్షతో ముద్ర వెయ్యరు.

జూలై 27

మూడు ఖాయం. రాగి, బాబాయి వాళ్ల ముసలి గేదె, చివరింటి ఆవు. నాలుగోదానికి ఎలైజాలో లేదు, రెండు నెలల తర్వాత మళ్లీ చూడాలి.

ఇంట్లో రెండు రోజులుగా ఇదే గొడవ. నాన్న ఒకటే మాట, "అమ్మేద్దాం." అమ్మ ఇంకో మాట, "మందు లేదా?" మనిషికి ఆరు వారాల మందులతో తగ్గించిన రోగం గొడ్డుకు ఎందుకు తగ్గదని ఆమె అడుగుతోంది, న్యాయమే. డాక్టరు గారు చెప్పింది ఏమిటంటే ఈ క్రిమి కణాల లోపలికి దూరి కూర్చుంటుంది, పొదుగులో, పొదుగు పైనున్న గ్రంథుల్లో ఏళ్ల తరబడి ఉంటుంది, అన్ని వారాలు అన్ని మందులు ఆవుకు ఎక్కించినా పోతుందన్న భరోసా లేదు, పైగా ఆ మందులన్నీ పాలల్లోకి వస్తాయి. అందుకే గొడ్డుకు వైద్యం చెయ్యరు. వేరే దేశాల్లో పరీక్ష చేసి, ఉన్నదాన్ని కోసేసి, రైతుకు నష్టపరిహారం ఇచ్చి రోగాన్ని ఊడ్చేశారు. మనకు ఆ దారి అంత తేలిక కాదు, ఆంధ్రప్రదేశ్‌లో గోవధ నిషేధ చట్టం 1977 నుంచీ ఉంది, చట్టం సంగతి అటుంచినా మా అమ్మ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

మరి అమ్మడం? 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం రోగం ఉందని తెలిసిన గొడ్డును సంతకు తోలకూడదు. మాకు కూడా ఎవరో తెలిసి తెలిసి అమ్మినదే కదా. నాన్నకు ఈ మాట చెబితే మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

రాగి మార్చి మొదట్లో వేయించిన ఒక్క సూదికే కట్టింది. ఇప్పుడు ఐదో నెల. లెక్క ప్రకారం డిసెంబరు పదో తారీఖు అటూ ఇటూ ఈనాలి.

ఆగస్టు 17

నాకు ముందు తెలియని విషయం ఒకటి. ఈ రోగమున్న ఆవు సాధారణంగా ఒక్కసారే ఈసుకుపోతుంది. మళ్లీ చూడి కట్టి, నెలలు నిండి, చక్కటి దూడను ఈనుతుంది. చూసేవాళ్లకు "తగ్గిపోయింది" అనిపిస్తుంది. కానీ ఈనేటప్పుడు వచ్చే ఉమ్మనీరులో, మాయలో, ఆ తర్వాత కొన్ని వారాలు కారే మైలలో క్రిములు కోట్లల్లో ఉంటాయి. మిగతా గొడ్లు వాసన చూసి నాకుతాయి, ఆ తడిసిన గడ్డి తింటాయి, అంతే. అంటే రాగి పాలు పిండుకునే రోజుల్లోకంటే ఈనిన రోజున, ఆ తర్వాతి మూడు నాలుగు వారాల్లో అసలు ప్రమాదం.

కాబట్టి పరీక్షల సంగతి పక్కనపెట్టి గది కట్టడం మొదలుపెట్టాం. పసుపు చేను పక్కన, కాలవకు దూరంగా, చావడికి 60 అడుగుల అవతల. 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. కింద సిమెంటు గచ్చు, వెనక్కి వాలు, వాలు చివర గుంట. నాన్న మట్టి నేల చాలన్నాడు. మట్టయితే కడగలేం, తడిగా నీడగా ఉన్న చోట ఈ క్రిమి నెలల తరబడి బతుకుతుంది, గచ్చయితే బ్లీచింగ్ పౌడర్ నీళ్లు కొట్టి ఎండకు వదిలేస్తే చస్తుంది. అందుకే పైకప్పు కూడా సగమే వేశాం, మిగతా సగంలో మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడేటట్టు. మేస్త్రీ దీన్ని చూసి "డబ్బులు చాల్లేదా అమ్మాయ్" అన్నాడు.

మొదటిసారి వాలు తప్పుగా వచ్చింది. రెండు బిందెలు పోసి చూస్తే నీళ్లు గుంటలోకి పోకుండా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాయి. మూడు అడుగుల మేర గచ్చు పగలగొట్టి మళ్లీ పోయించాం. ఇటుక, సిమెంటు, ఇసుక, రేకులు, కూలి అన్నీ కలిపి 31,600. రాగిని కొన్నదే 58,000కి.

ఆగస్టు 24

చిన్న పని. ఆవుపాలకు రింగ్ పరీక్ష. గొట్టంలో ఒక మిల్లీలీటరు పచ్చిపాలు, 30 మైక్రోలీటర్ల నీలిరంగు యాంటిజెన్, 37 డిగ్రీల దగ్గర గంటసేపు. క్రిమికి విరుగుడుగా పుట్టిన ప్రతిరక్షకాలు పాలల్లో ఉంటే నీలి క్రిములు మీగడతోపాటు పైకి తేలి వలయం కడతాయి, కింద పాలు తెల్లగా మిగులుతాయి. లేకపోతే పాలే లేత నీలంగా ఉండి మీగడ తెల్లగా ఉంటుంది. రాగి గొట్టంలో ఎంత అందమైన వలయం వచ్చిందో, అది అందమని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు. బాబాయి వాళ్ల ఎర్రావుకు కూడా కొద్దిగా వచ్చింది, కానీ దానికి పొదుగువాపు ఉంది, వాపు పాలకు, జున్నుపాలకు, ఒట్టిపోబోయే ముందు పాలకు ఉత్తుత్తి వలయాలు వస్తాయని డాక్టరు గారు ముందే హెచ్చరించారు. మళ్లీ చూద్దాం.

పాలు కాచి తాగండి అని వీధిలో చెబితే "మేం కాచే తాగుతాం" అంటారు. తాగరు. మా తాతయ్య చెంబు పట్టుకుని పొదుగు దగ్గరే కూర్చుని నురగ పాలు తాగుతాడు, డెబ్భై ఏళ్ల అలవాటు. ఈ మధ్య రైల్లో ఫోన్లో చదివిన సంగతొకటి ఆయనకు చెప్పాను. మాల్టా దీవిలో ఇంగ్లిష్ సైనికులు వరసగా జ్వరంతో పడిపోతుంటే 1887లో డేవిడ్ బ్రూస్ అనే డాక్టరు ఈ క్రిమిని పట్టుకున్నాడు, కానీ అది ఎక్కణ్నుంచి వస్తోందో తెలియడానికి ఇంకో 18 ఏళ్లు పట్టింది. చివరికి జమిట్ అనే ఆయన 1905లో మేకల రక్తం పరీక్షిస్తే చూడటానికి నిక్షేపంలా ఉన్న మేకల్లో దొరికింది. సైనికులకు పచ్చి మేకపాలు ఆపగానే జ్వరాలు పడిపోయాయి. తాతయ్య అంతా విని, "మనవి మేకలు కావు కదే" అన్నాడు. ఇప్పుడు అమ్మ ఆయన చెంబు దాచేసింది, కాచిన పాలను గిలక్కొట్టి నురగ చేసి ఇస్తోంది.

సెప్టెంబర్ 20

మధ్యాహ్నం రెండింటికి ల్యాబులో ఉండగా ఫోన్. పెద్దమ్మ వాళ్ల గేదె ఈసుకుపోయింది, ఎనిమిదో నెల. జూలైలో దాని రక్తంలో ఏమీ రాలేదు. పుస్తకంలో నేనే పచ్చ ఇంకుతో టిక్కు పెట్టాను.

ఫోన్లోనే పెద్దమ్మ వాళ్ల అన్నయ్యతో చెప్పాను, ముట్టుకోకు, చేతులకు కవర్లు తొడుక్కో, సున్నం తే, మిగతా గేదెల్ని అవతలకు కట్టెయ్ అని. "ఆఁ ఆఁ, సరే" అన్నాడు. నేను వచ్చేసరికి చీకటి పడింది. చచ్చిన దూడను గోనెసంచిలో వేసి సైకిలు మీద తీసుకెళ్లి కాలవలో పడేశాడట. కాలవలో! కిందికి ఎన్ని ఊళ్ల గొడ్లు ఆ నీళ్లు తాగుతాయి. మాయ సగం పడింది, సగం వేలాడుతోంది, పడిన సగాన్ని కుక్క ఈడ్చుకుపోయింది. అన్నయ్య మీద అరిచాను. అతను ఒకటే మాటన్నాడు, "జనవరిలో మీ నాన్న ఏం చేశాడు?" నోరు పడిపోయింది నాకు. మా గట్టుకు పెద్దమ్మ వాళ్ల దొడ్డి ఆనుకునే ఉంటుంది. కుక్కలు తవ్వుకుపోయింది అటే.

రాత్రి పదకొండు దాకా శుభ్రం చేశాం. తడిసిన గడ్డంతా కుప్ప చేసి తగలబెట్టాం, నేలంతా గీకి ఆ మట్టి ఐదడుగుల గుంటలో వేసి సున్నం చల్లాం, పైన తుమ్మ కంపలు కొట్టి రాళ్లు పెట్టాం. నేను ల్యాబు నుంచి తెచ్చిన చిన్న చేతి తొడుగులు దీనికి పనికిరావు, భుజం దాకా ఉండేవి కావాలి, సహాయకుడు కుర్రాడు పొద్దున తెచ్చిస్తానన్నాడు.

జూలైలో ఎందుకు దొరకలేదంటే, సోకిన కొత్తలో క్రిమి లోపల ఉన్నా రక్తంలో జాడ ఇంకా రాకపోవచ్చు. ఈనే రోజుల చుట్టూ కూడా తగ్గిపోతుంది. మూడు వారాలు ఆగి తీయాలి. నేను పచ్చ టిక్కులన్నీ కొట్టేసి పక్కన తారీఖు రాశాను, "జూలై 13న లేదు" అని మాత్రమే.

అక్టోబర్ 12

పెద్దమ్మ గేదెకు పలుకులు వచ్చాయి. నాలుగో అనుమానపు గొడ్డుకు రెండోసారి కూడా ఏమీ లేదు, దాన్ని వదిలేశాం. బాబాయి ఎర్రావుకు పొదుగువాపు తగ్గింది, పాలల్లో వలయం రాలేదు, రక్తంలోనూ లేదు.

ఒక మంచి జరిగింది. జూలైలో వద్దన్న మూడు ఇళ్లలో రెండు ఇళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే వచ్చారు. నా మాటల వల్ల కాదు, పెద్దమ్మ చెప్పడం వల్ల. ఆమె పోగొట్టుకున్న దూడ, ఆ ఈత పాలు లెక్కగట్టి చెబుతోంది అందరికీ, నా పలకలు వలయాలకంటే ఆ లెక్క బాగా ఎక్కింది.

అక్టోబర్ 19

పెయ్యదూడలకు టీకా. ఎస్19 అంటారు, బలహీనపరిచిన బతికున్న క్రిమి. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశువ్యాధి నియంత్రణ పథకం కింద ఉచితం. నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడదూడలకే, జీవితంలో ఒక్కసారే. మగదూడలకు వెయ్యకూడదు, చూడి గొడ్డుకు వేస్తే అదే ఈసుకుపోయేలా చెయ్యొచ్చు. వీధిలో వయసు కుదిరినవి ఐదు దొరికాయి. ఒకదానికి తొమ్మిదో నెల నడుస్తోంది, వాళ్లు బతిమాలినా డాక్టరు గారు వెయ్యలేదు. నెల ముందు వచ్చి ఉంటే సరిపోయేది. వయసు లెక్క నా పుస్తకంలోనే ఉంది, నేనే చూసుకోలేదు.

మూడో దూడ తన్నడంతో సూది జారి సహాయకుడి వేలికి గుచ్చుకుంది. చిన్న గాటు, అతను నవ్వేసి తుడుచుకోబోయాడు. డాక్టరు గారి మొహం మాత్రం మారిపోయింది. టీకా దూడకు బలహీనం, మనిషికి కాదు. సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, వెంటనే మనుషుల డాక్టరు దగ్గరికి పంపారు, మూడు వారాలు మందులు రాశారు. ఒంటేలు రంగు మారుతుంది, భయపడకు, షాపతను టీబీనా అని అడిగితే పట్టించుకోకు అని నేను ముందే చెప్పాను. మనుషులకు దీనికి టీకా లేదు.

డిసెంబర్ 9 రాత్రి, 10 తెల్లవారుజాము, ఆ తర్వాత

వరసగా రాయలేను, నిద్రలేదు.

రాగిని పది రోజుల ముందే కొత్త గదిలోకి మార్చాం. దానికి వేరే కుడితి తొట్టి, వేరే బక్కెట్టు, వేరే పార. అది రోజంతా చావడి వైపు చూసి అరిచేది. అమ్మ పొద్దున చావడి పని పూర్తిచేసి ఆఖర్న అక్కడికి వెళ్లేది. వెళ్లొచ్చాక మళ్లీ చావడిలో అడుగు పెట్టకూడదని నియమం, రెండుసార్లు తప్పింది, కొడవలి మర్చిపోయానని.

రాత్రి పన్నెండున్నరకు నొప్పులు. నేనూ సహాయకుడూ భుజాల దాకా తొడుగులు, మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు, ప్లాస్టిక్ గౌను, రబ్బరు బూట్లు. నాన్నను గది దగ్గరికి రానివ్వలేదు, ఒకసారి వచ్చి తగ్గింది కదా అని ధీమా పనికిరాదు, మళ్లీ సోకొచ్చు. ఆయన పసుపు చేను గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని అక్కణ్నుంచే "కాళ్లు రెండూ ముందుకొచ్చాయా? తల ఉందా?" అని అరుస్తూనే ఉన్నాడు. రెండుంబావుకు పెయ్య పడింది. ఎర్రది, నుదుటి మీద తెల్ల మచ్చ. నెలలు నిండిన దూడ, లేచి నిలబడింది.

నాన్న ఏడుస్తున్నాడని అమ్మ చెప్పింది.

జున్నుపాల సంగతి. దూడకు గంట రెండు గంటల్లో జున్నుపాలు పడాలి, తల్లివి తాగిస్తే క్రిమి వెళ్తుంది. బాబాయి ఎర్రావు పది రోజుల క్రితమే ఈనింది, దాని జున్నుపాలు రెండు లీటర్లు నీళ్ల సీసాల్లో పోసి మా ఫ్రిజ్ పై గదిలో గడ్డకట్టించాను. వేడినీళ్లలో పెట్టి కరిగించి, చెయ్యి కాలనంత గోరువెచ్చగా చేసి పాలపీకతో పట్టించాం. గుటగుటా తాగింది. రాగి తల తిప్పి దూడ కోసం వెతుకుతుంటే చూడలేక బయటకొచ్చేశాను.

మాయ పడలేదు. పన్నెండు గంటలు దాటితే నిలిచినట్టే లెక్క. మధ్యాహ్నం డాక్టరు గారు వచ్చారు, చేత్తో లాగలేదు, మందులు వేశారు. మర్నాడు పొద్దున ఊడిపడింది. ముందే తీసిపెట్టిన గుంటలో సున్నం, మాయ, గడ్డి, తొడుగులు, మళ్లీ సున్నం, మట్టి, తుమ్మకంప.

తెల్లారేసరికి గిన్నెలు పట్టుకుని ముగ్గురు వచ్చేశారు, జున్నుపాలకు. ఆవు ఈనితే వీధికి జున్నుపాలు పంచడం మా ఇంటి మర్యాద, నాయనమ్మ కాలం నుంచి ఉంది. జున్ను ఉడికించాక క్రిమి చస్తుంది, నిజమే, కానీ పచ్చిపాల గిన్నె ఎన్ని చేతులు మారుతుందో, ఏ పిల్లాడు వేలుపెట్టి నాకుతాడో. ఇవ్వనన్నాను. నాయనమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పాలను కాచి, చల్లార్చి, గుంటలో పోస్తుంటే అమ్మ వెనక్కి తిరిగి నిలబడింది.

డిసెంబర్ 21

గది రోజూ కడుగుతున్నాం. ఎండ బాగుంది, గచ్చు గంటలో ఆరిపోతోంది. వాలు సరిచేయించడం దండగ కాలేదు. పాలు ఏడు లీటర్లు. రాగిని ఆఖర్న పిండి, వేరే క్యానులో పోస్తున్నాం. నాలుగు వారాలు నిండేదాకా పాల కేంద్రానికి పంపం, కాచి మేమే వాడుకుంటున్నాం, మిగిలింది పారబోస్తున్నాం. డెయిరీలో ఎటూ 72 డిగ్రీల దగ్గర పాలను వేడిచేస్తారు, క్రిమి బతకదు, కానీ కేంద్రం దగ్గర క్యాన్లు ఎత్తేవాళ్లు, పాలు ముంచి చూసేవాళ్లు మనుషులే కదా. రాగికి ఇక సూది వేయించకూడదని నాన్న అన్నాడు. ఈనకపోతే ఆ మైల ఉండదు. పాలున్నన్నాళ్లు పిండి, ఆ తర్వాత ఊరికే మేపాలి. ఎన్నేళ్లు? రోజుకు తవుడు, చెక్క, గడ్డి కలిపి లెక్క వేశాను, నాన్నకు చూపించలేదు.

ఇవాళ పొద్దున గొడ్ల బేరగాడు వచ్చాడు. చుట్టం వరస కూడా ఉంది, నాన్నను బావా అంటాడు. పెయ్యను, రాగిని కలిపి 52,000 అన్నాడు. నాన్న మంచం మీంచి లేవకుండానే, "దానికి బ్రూసెల్లా ఉంది" అన్నాడు. ఆ మాట మా నాన్న నోటి నుంచి బయటి మనిషి ముందు రావడం అదే మొదటిసారి. బేరగాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తెలుసులే బావా, వీధంతా చెప్పుకుంటున్నారుగా. 45కి ఇచ్చెయ్. అవతలి జిల్లాలో ఎవరికి తెలుస్తుంది?"

నాన్న చాలాసేపు గది వైపు చూశాడు. తర్వాత అమ్మను పిలిచి, బావకు మజ్జిగ ఇచ్చి పంపమన్నాడు.

పెయ్యకు ఏప్రిల్‌లో నాలుగో నెల దాటుతుంది, టీకా తారీఖు ఈసారి గోడ మీద బొగ్గుతో రాశాను. ఫిబ్రవరిలో వీధంతటికీ మళ్లీ రక్తం తీయాలి.